గంట వినిపించినంత మేర

మునిసిపాలిటీ అనగానే మనకి కళ్ళముందు మెదిలేవి కుళాయి దగ్గర బిందెల వరస, ఇంటిపన్ను నోటీసు, వెలగని వీధిదీపం. పొలం మటుకు గుర్తుకు రాదు. పొలాలుంటే పంచాయతీ, పొలాలు పోయి ఇళ్ళ స్థలాలైతే మునిసిపాలిటీ అని మన లెక్క. ఫిలిప్పీన్స్ దేశంలో ఈ లెక్క చెల్లదు. అక్కడ మునిసిపాలిటీ అంటే వరిచేలు, కొబ్బరితోటలు, బురదలో పడుకున్న గేదెలు, వాటన్నిటి మధ్యా ఒక చర్చి, ఒక సంత, ఒక మేయరు. మన వూహకి అందేట్టు చెప్పాలంటే, 1985లో తాలూకాలని విడగొట్టి పెట్టిన మన మండలం లాంటిదన్నమాట. కాకపోతే మండలానికి మేయరుండడు. అక్కడుంటాడు, ఓట్లతో గెలిచి మరీ వుంటాడు.

ఆ దేశానికి 7,641 దీవులు. వాటిమీద మునిసిపాలిటీలు సుమారు 1,490. నగరాలనిపించుకున్నవి నూటయాభై కూడా లేవు. ఒక్కొక్క మునిసిపాలిటీ కింద 'బరంగాయ్'లనే చిన్న పల్లెలు. అవన్నీ కలిపితే 42 వేలు దాటుతాయి. మునిసిపాలిటీలకి ఆదాయాన్నిబట్టి తరగతులు కూడా కట్టారు, రైలుపెట్టెలకి మల్లే. 2023లో చట్టం మార్చేదాకా ఒకటో తరగతి నుంచి ఆరో తరగతి దాకా వుండేవి, ఇప్పుడు ఐదు. పండించే ఊరు చివరి తరగతిలోనూ, ఫ్యాక్టరీ వున్న ఊరు మొదటి తరగతిలోనూ కూచోవడం అక్కడా మామూలే.

ఆ దేశం మీద నాకు ధ్యాస పుట్టడానికి కారణం రాజకీయాలూ కాదు, విహారయాత్రలూ కాదు. అన్నం. 1967 ప్రాంతంలో మన గోదావరి డెల్టా చేలల్లోకి వచ్చి దిగిన ఒక పొట్టి వరికి పుట్టినిల్లు అక్కడి ఒకానొక మునిసిపాలిటీ. ఆ పుట్టింటివాళ్ళ మంచిచెడ్డలేమిటో చూద్దామని మొదలుపెడితే, నాలుగు వందల ఏళ్ళ వెనక్కి పోవలసి వచ్చింది.

స్పెయినువాళ్ళు రాకముందు అక్కడ ఊరంటే బరంగాయే. ఆ మాటకి మూలం 'బలంగాయ్', అంటే పడవ. ఒక పడవలో వచ్చి దిగిన కుటుంబాలవాళ్ళు ఒక ఊరయ్యారని చెప్పుకుంటారు. పడవకి సరంగులాగా ఊరికొక 'దాతు'. ముప్ఫై గడప నుంచి వంద గడప దాకా వుండేది. వాటికి ఒక రాజధాని లేదు, ఒక రాజు లేడు. ఏటి ఒడ్డున కొందరు, కొండవాలున పోడు కొట్టుకునేవాళ్ళు కొందరు, ఎవరికి ఎక్కడ తిండి దొరికితే అక్కడ.

లెగాస్పి అనే స్పెయిను సేనాని 1565లో వచ్చి దిగాడు, 1571లో మనీలా పట్టుకున్నాడు. పట్టుకున్నాక వచ్చింది చిక్కు. పన్ను వసూలు చెయ్యాలంటే మనుషులు కనపడాలి కదా! జ్ఞానస్నానం చేయించాలన్నా, వెట్టికి పట్టుకుపోవాలన్నా అంతే. చెట్టుకొకడూ పుట్టకొకడూ వుంటే దొరతనమెలా సాగుతుంది? ఆ పని సైన్యం చెయ్యలేదు, సన్యాసులు చేశారు. ఒక మంచి మెరక చూసి చర్చి కట్టి, గోపురంలో గంట వేలాడదీసి, జనాన్నంతా చుట్టూ చేర్చి ఇళ్ళు కట్టించడం మొదలుపెట్టారు. చర్చికి ఎదురుగా ఖాళీ మైదానం, దాని ఒక పక్క కచ్చేరీ, మిగతా పక్కల ఊరి పెద్దల ఇళ్ళు. పెద్దరికం తగ్గినకొద్దీ ఇల్లు మైదానానికి దూరమవుతుంది. గంట వినిపించినంత మేర ఊరు. ఆ మేరలో వుండేవాళ్ళని 'గంట కింది వాళ్ళు' అనేవారు. వినపడని చోటికి పారిపోయి కొండలెక్కినవాళ్ళు వేరే జాతైపోయారు. వాళ్ళకి 'రెమొంతాదోలు' అని పేరు పెట్టారు. ఇప్పటికీ ఏ మునిసిపాలిటీకి వెళ్ళినా నడిబొడ్డున చర్చి, మైదానం, మునిసిపల్ ఆఫీసు ఆ పద్ధతిలోనే కనపడతాయి. ఆ నడిబొడ్డు పల్లెని 'పోబ్లాసియోన్' అంటారు.

గంట కిందకి వచ్చినవాడికి దక్కిందేమిటంటే, పదహారో ఏట నుంచి అరవయ్యో ఏట దాకా ఏడాదికి నలభై రోజులు వెట్టి. అడవిలో మాను కొట్టడం, ఓడలు కట్టడం, రాళ్ళు మోసి మళ్ళీ చర్చి కట్టడం. 1884లో దయతలచి దాన్ని పదిహేను రోజులు చేశారు. ఊరికి స్థానికుడే పెద్ద, 'గోబెర్నదోర్‌సిల్యో' అంటే చిన్న గవర్నరు. ఆయన కింద బరంగాయ్ పెద్దలు. వీళ్ళ పని పన్ను పోగుచేసి కట్టడం. తక్కువపడితే సొంత సొమ్ము కట్టాలి. మొదట్లో ఈ పదవి ఘనతే, రానురాను తలనొప్పి. వాళ్ళలో తెలివైనవాళ్ళు ఆ నష్టాన్ని కిందివాళ్ళ పొలాలు తాకట్టు పెట్టించుకుని పూడ్చుకున్నారు. భూస్వాముల పుట్టుక కొంత అలా జరిగింది.

ఇంటిపేర్ల కథ కూడా ఇక్కడే చెప్పాలి. మన ఇంటిపేర్లలో సగం ఊళ్ళ పేర్లే, ఎక్కణ్ణించి వచ్చారో ఇట్టే చెప్పెయ్యొచ్చు. అక్కడివాళ్ళకి చాలామందికి ఇంటిపేర్లే లేవు. ఉన్నవాళ్ళలో మూడొంతులమంది సెయింట్ల పేర్లు పెట్టుకునేవారు. ఒకే పేరు ఊళ్ళో నలభైమందికి వుంటే పన్నుల గుమాస్తా గతేమిటి? 1849లో గవర్నర్ జనరల్ క్లావెరియా ఒక ఉత్తర్వు వేశాడు. సుమారు అరవై వేల ఇంటిపేర్లతో అకారాది క్రమంలో ఒక పుస్తకం అచ్చువేయించి, పేజీలు చింపి ఊరూరికీ పంపాడు. మీకు వచ్చిన పేజీలో వున్న పేర్లలో ఒకటి ఏరుకోండి అన్నాడు. అంచేత కొన్ని ప్రాంతాల్లో ఊరికొక అక్షరం దక్కింది. ఆల్బే రాష్ట్రంలో ఓయాస్ అనే వరి పండించే మునిసిపాలిటీ వుంది. ఇప్పటికీ అక్కడ పాతకాపులెవరి ఇంటిపేరు చూసినా 'ఆర్' అక్షరంతోనే మొదలవుతుంది. బడిలో హాజరు పట్టీ ఎలా వుంటుందో తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. కానీ ఒక మనిషి తాత ముత్తాతల పేరు పోయి, చిరిగిన కాయితంలోంచి మరో పేరు తీసుకోవలసి రావడం నవ్వులాటేమీ కాదు.

గంట వినపడని చోటికి వెళ్దాం. లూజోన్ దీవి ఉత్తరాన కొండల్లో ఇఫుగావో అనే రాష్ట్రం. అందులో బనావే, కియాంగాన్, హుంగ్డువాన్, మయోయావ్ అనే మునిసిపాలిటీలు. కొండని అడుగు నుంచి నడినెత్తి దాకా మెట్లుగా చెక్కి, మెట్టు మెట్టుకీ రాతిగోడో మట్టిగట్టో పోసి, అందులో నీళ్ళు నిలబెట్టి వరి పండించారు. పైన అడవి, దాన్ని 'ముయోంగ్' అంటారు, ఒక్కొక్క కుటుంబం ఒక్కొక్క ముక్కని కాపాడుతుంది. అడవి పట్టిన నీరు ఒక మడిలోంచి మరో మడిలోకి దిగుతూ వుంటుంది. ఏడాదికి ఒక్క పంట. ఆ వరి పేరే 'తినవోన్'. కోతల్లో ఆడవాళ్ళు 'హుద్‌హుద్' అనే గాథలు పాడతారు. ధాన్యపు కొట్టుకి కాపలాగా 'బులుల్' అనే కొయ్య దేవుణ్ణి కూచోబెడతారు. 1995లో యునెస్కోవారు ఐదుచోట్ల మడుల్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించారు. తమాషా ఏమిటంటే, 2010లో వచ్చిన ఇరవై పెసోల నోటు వెనక అచ్చయిన బనావే ఊరి పక్క మడులు ఆ ఐదింట్లో లేవు. ఆ మునిసిపాలిటీలోవే బతాద్, బంగాన్ పల్లెల మడులున్నాయి. బొమ్మకెక్కింది ఒకటి, జాబితాకెక్కింది ఇంకొకటి.

ఈ మడులు రెండువేల ఏళ్ళనాటివని బడి పుస్తకాలు చెబుతూ వచ్చాయి. స్టీఫెన్ అకబాదో అనే పురాతత్వ పరిశోధకుడు పాత కియాంగాన్ దగ్గర తవ్వి చూసి, కాదన్నాడు. అక్కడ తొలుత పండించింది చేమదుంప. వరిమడులు పెద్దయెత్తున పెరిగింది గత నాలుగు వందల ఏళ్ళలోనే అన్నాడు. అంటే స్పెయినువాళ్ళు లోయలోకి వచ్చాక, వాళ్ళకి అందకుండా పైకెక్కినవాళ్ళు తమ బలం నిలబెట్టుకోవడానికి కట్టుకున్న కట్టడమన్నమాట. దీన్ని ఒప్పుకోనివాళ్ళు ఇంకా వున్నారు. రెండువేల ఏళ్ళు అంటే గొప్ప, నాలుగు వందలంటే నామోషీ అనుకుంటారు కాబోలు. నాకు మటుకు రెండో కథే గొప్పగా కనబడుతుంది. తీరికగా రెండువేల ఏళ్ళపాటు చెక్కడం ఒక ఎత్తు, వెంట తరుముతున్నవాళ్ళుండగా పది పదిహేను తరాల్లో కొండలకి కొండలే మడులు చెయ్యడం మరో ఎత్తు. మరి ఆ మడుల్ని ఇప్పుడు దున్నేదెవరు? కుర్రకారు బాగియో, మనీలా దారి పట్టారు. గట్టు ఒకటి జారితే దాని కింద పది మడులు పాడవుతాయి. 2001లో యునెస్కో వాటిని ప్రమాదంలో వున్న జాబితాలో చేర్చింది. మరమ్మతులు జరిగాక 2012లో తీసేసింది. జాబితాలోంచి తీసేస్తే కూలీలు దొరుకుతారా అంటే, అది వేరే సంగతి.

ఇక పండగ ఊళ్ళు. వీటిమీద ఎంతైనా రాయొచ్చు గాని రెండింటితో సరిపెడతాను. బులకాన్ రాష్ట్రంలో పులిలాన్ అనే ఊళ్ళో మే 14న గేదెల్ని కడిగి, ముస్తాబు చేసి ఊరేగిస్తారు. చర్చి ముందుకి రాగానే అవి ముందుకాళ్ళు మడిచి మోకరిల్లుతాయి. మన ఏరువాక పున్నమికి ఎడ్ల కొమ్ములకి రంగులు వేస్తాం గాని దండం పెట్టించడం మనకి తోచలేదు. రెండోది కేసోన్ రాష్ట్రంలో, బనహావ్ కొండ పాదాన వున్న లుక్‌బాన్. మే 15 రైతుల సెయింటు ఇసిద్రో పండగ. ఆయన ప్రార్థనలో వుంటే దేవదూతలు వచ్చి అరక దున్నారట. ఆ రోజున ఊరేగింపు సాగే వీధిలో ప్రతి ఇంటికీ ఆ ఏడు పండినదంతా తోరణం కడతారు. వరి వెన్నులు, చిక్కుడుకాయలు, ముల్లంగి, కొబ్బరి, ఏముంటే అది. వాటి మధ్య 'కిపింగ్'లు. అంటే బియ్యప్పిండి పల్చగా కలిపి, ఆకుమీద పోసి, ఆవిరికి ఉడికించి, ఆరబెట్టి తీసిన రంగురంగుల రేకులు. ఆకు ఈనెలతో సహా దానిమీద అచ్చు పడుతుంది. ఆత్రేయపురం పూతరేకులకి రంగులద్ది గోడకి వేలాడదీస్తే ఎలా వుంటుందో అలా వుంటాయి. ఊరేగింపు ఏడాదికొక వీధిలో సాగుతుంది, కాబట్టి అన్ని వీధులకీ వంతు వస్తుంది.

తోరణాల్లో వేలాడే పంట ఎవరిదన్న ప్రశ్న పండగనాడు అడగకూడదు. మిగతా రోజుల్లో అడిగారు, గట్టిగానే అడిగారు. మధ్య లూజోన్ మైదానం ఆ దేశానికి ధాన్యాగారం. అక్కడ పంపాంగా రాష్ట్రంలో శాన్ లూయిస్ అనే మునిసిపాలిటీ. రైతు దున్నుతాడు, దొర సగం తీసుకుంటాడు. దాన్ని 'కసామా' పద్ధతి అనేవారు, మన సగపాలు సాగన్నమాట. రైతు మిగిలిన సగంలోంచి అప్పు తీర్చాలి. మన నాగు వడ్లలాగా అక్కడా ధాన్యపు అప్పులుండేవి. రెండు బస్తాలు తీసుకుంటే కోతల్లో మూడు ఇచ్చేది ఒక రకం. ఒకటి తీసుకుంటే రెండిచ్చేది ఇంకొకటి, దాని పేరు 'తకీపాన్'. ఇంత కట్టాక ఇంటికి చేరేది గడ్డి.

ఆ శాన్ లూయిస్‌లో 1913లో ఒక పేదరైతు ఇంట పుట్టినవాడు లూయిస్ తరూక్. దర్జీ పని చేశాడు, రైతు సంఘాల్లో తిరిగాడు. జపానువాళ్ళు దేశాన్ని ఆక్రమించాక 1942 మార్చి 29న 'హుక్బలహాప్' సేన పుట్టింది. జపాను మీద పోరాడే ప్రజాసేన అని దాని అర్థం. తరూక్ దానికి నాయకుడయ్యాడు. యుద్ధం ముగిశాక 1946లో అతను పార్లమెంటుకి ఎన్నికయ్యాడు. ఎన్నికైనవాణ్ణి లోపల కూచోనివ్వలేదు. తుపాకులు మళ్ళీ బయటికి వచ్చాయి, ఎనిమిదేళ్ళు మోగాయి. 1954లో తరూక్ లొంగిపోయాడు. ఆ మంతనాలు నడిపిన ఇరవై ఒక్కేళ్ళ పత్రికా విలేకరి పేరు బెనీగ్నో ఆకినో. ఆ మరుసటేడే అతను తర్లాక్ రాష్ట్రంలో తన సొంతూరు కొన్సెప్సియోన్ మునిసిపాలిటీకి మేయరయ్యాడు. తరవాతి రోజుల్లో మార్కోస్‌కి కంట్లో నలుసై, 1983లో మనీలా విమానాశ్రయంలో హత్యకి గురైన ఆకినో ఇతనే.

మార్కోస్ 1972లో సైనిక పాలన పెట్టి, ఒక నెలలోపునే అక్టోబరు 21న వరి, మొక్కజొన్న భూముల సంస్కరణ శాసనం జారీ చేశాడు. దొరకి ఏడు హెక్టార్లు, మిగతాది దున్నేవాడికి. కాయితం మీద బాగానే వుంది. చెరుకు, కొబ్బరి అందులో లేవు. మార్కోస్ పోయి, ఆకినో భార్య కొరజోన్ ఆకినో అధ్యక్షురాలయ్యాక 1987 జనవరి 22న రైతులు భూమి కావాలని ఆమె భవనం దాకా నడిచి వచ్చారు. మెందియోలా వంతెన దగ్గర కాల్పుల్లో 13 మంది పోయారు. 1988లో కొత్త చట్టం వచ్చింది, కమతం హద్దు ఐదు హెక్టార్లకి దిగింది. భూమి బదులు కంపెనీ వాటాలు పంచినా చాలునన్న కిటికీ ఒకటి అందులో తెరిచి వుంచారు. ఆ కిటికీలోంచి బయటపడ్డ వాటిలో అధ్యక్షురాలి పుట్టింటివారి చెరుకు ఎస్టేటు, హసియెండా లుయిసీతా, కూడా వుంది. దాని భూములు కొన్ని కొన్సెప్సియోన్, లా పాస్ మునిసిపాలిటీల్లోవే. సుప్రీంకోర్టు భూమే పంచాలని ఖాయం చేసేసరికి 2012 వచ్చింది. 1988లో అరక పట్టినవాడి కొడుకు ఆపాటికి అరక పట్టే ఈడు దాటాడు.

ఇప్పుడు మన పొట్టి వరి పుట్టింటికి వద్దాం. మనీలాకి ఆగ్నేయంగా అరవై అయిదు కిలోమీటర్లకి అటూ ఇటూగా, పెద్ద సరస్సు ఒడ్డున, మకీలింగ్ అనే పాత అగ్నిపర్వతం పాదాన లోస్ బాన్యోస్. ఆ మాటకి స్నానఘట్టాలని అర్థం. అక్కడ వేడినీటి బుగ్గలున్నాయి. అంతకుముందు పేరు 'మైనిత్', అంటే వేడి. 1615లో వేరే ఊరుగా ఏర్పడింది. అమెరికావాళ్ళు వచ్చాక 1909లో అక్కడ వ్యవసాయ కళాశాల పెట్టారు. జపాను యుద్ధంలో ఆ కళాశాల ఆవరణనే ఖైదు శిబిరంగా మార్చి పరదేశీయుల్ని వుంచారు. 1945 ఫిబ్రవరి 23 తెల్లవారుజామున అమెరికా సేనలు, ఫిలిపినో గెరిల్లాలు కలిసి ఒక్క దెబ్బతో రెండువేల పైచిలుకు ఖైదీల్ని విడిపించుకుపోయారు. యుద్ధ చరిత్రల్లో దీన్ని గొప్పగా రాస్తారు. ఖైదీలు వెళ్ళిపోయాక జపాను సేనలు తిరిగివచ్చి, చుట్టుపక్కల పల్లెల్లో వెయ్యిమందికి పైగా జనాన్ని చంపిన సంగతి ఆ పుస్తకాల్లో చివరి పేరాలో వుంటుంది.

ఆ ఊళ్ళోనే 1960లో ఫోర్డు, రాక్‌ఫెల్లర్ సంస్థల డబ్బుతో అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ వెలిసింది. అప్పటి చిక్కేమిటంటే, ఆసియాలో వరి పొడుగు. ఎరువు వేస్తే మరింత పొడుగు. వెన్ను బరువెక్కేసరికి పైరు పడిపోతుంది, గింజ నీళ్ళపాలు. అంటే తిండి పెడితే కూలబడే రకమన్నమాట. పీటర్ జెన్నింగ్స్ అనే శాస్త్రజ్ఞుడు 1962లో 38 సంకరాలు చేశాడు. అందులో ఎనిమిదోది ఇండోనేషియా నుంచి వచ్చిన 'పెటా' అనే పొడుగు వరికీ, తైవాన్ నుంచి వచ్చిన 'డీ-జియో-వూ-జెన్' అనే పొట్టి వరికీ కుదిర్చిన సంబంధం. పెళ్ళి జెన్నింగ్స్ చేశాడు, పిల్లల్ని పెంచి పెద్దచేసింది హెన్రీ బీచెల్. నాటిన వరసల్లో 288వ వరసలో మూడో దుబ్బు నిలిచింది. అదే ఐ.ఆర్. 8. దానికి ఎరువు ఎంత వేస్తే ఎంత మోతాదులో పండుతుందో కొలిచినవాడు ఎస్.కె. డే దత్తా అనే భారతీయుడు. ఎరువు లేకుండా హెక్టారుకి ఐదు టన్నులు, అన్నీ అమరితే పది టన్నులకి చేరువ. అప్పటికి ఆ దేశంలో రైతుకి దిగుబడి హెక్టారుకి టన్ను పైచిలుకు!

1966లో, రైతు తనంతట తాను వస్తే రెండు కిలోల విత్తనం ఉచితమని చెప్పారు. బస్సుల్లో, సైకిళ్ళమీద, కాలినడకన వచ్చారు. ఏడాది ఆఖరుకి 2,359 మంది వచ్చి పట్టుకుపోయారు. శాన్ లూయిస్ లాంటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళ మూటలో ఆ రెండు కిలోల్లో సగం ఎవరిదో ముందే తెలుసు. విత్తనం మారింది గాని వాటా మారలేదు. ఆ నవంబరు 28న రకాన్ని అధికారికంగా విడుదల చేశారు.

మన దేశానికీ వెంటనే వచ్చింది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు 1967లో దాన్ని వేసి, పండించి, ఆ విత్తనం నలుగురికీ అందేట్టు చేశారు. 'మిస్టర్ ఐ.ఆర్. 8' అన్న పేరు ఆయనకి అలా వచ్చింది. తమిళనాట ఒక రైతయితే తన కొడుక్కి ఏకంగా 'ఐరెట్టు' అని నామకరణమే చేశాడట. ఎట్టు అంటే అరవంలో ఎనిమిది. వియత్నాంలో దీన్ని 'హోండా వరి' అన్నారు, ఒక పంట అమ్మితే మోటారు సైకిలు కొనుక్కోవచ్చని. పాత రకాలు అయిదారు నెలలు చేలో కూచుంటే, ఇది నాలుగు నెలల పైచిలుకులో కోతకి వచ్చేది. సార్వా కోసి దాళ్వా వెయ్యడానికి అంతకంటే ఏం కావాలి?

తినడం దగ్గరకొచ్చేసరికి మటుకు పేచీ. గింజ లావు, కడుపులో సుద్దలాంటి తెలుపు, మరలో పోస్తే నూక. వేడిమీద సరేగాని, చల్లారితే అన్నం గట్టిపడిపోయేది. ఆ అన్నం తిన్న తరంవాణ్ణి కనక చెబుతున్నాను, పెరుగులో కలిపి ఎంత పిసికినా మెతుకు మెతుకుగానే వుండేది. అయినా రేషను కోసం నిలబడ్డ ఇంట్లో మెతుకు లావు గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ.

పుట్టింట్లో కూడా దానికి సుఖం లేకపోయింది. టుంగ్రో తెగులు, ఆనక సుడిదోమ దాన్ని నమిలేశాయి. దాని తమ్ముళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. పంజాబునించి వెళ్ళిన గుర్‌దేవ్ ఖుష్ 1976లో ఐ.ఆర్. 36 తెచ్చాడు, దానికి రోగాన్ని తట్టుకునే గుణం ఇచ్చినవాటిలో ఉత్తరప్రదేశ్ నుంచి సేకరించిన ఒక అడవివరి వుంది. 1985లో ఐ.ఆర్. 64 వచ్చింది, తినడానికి కూడా బాగుంది. మార్కోస్ 1973లో హెక్టారుకి 99 బస్తాలు పండించాలని 'మసగానా 99' అనే పథకం పెట్టి, తాకట్టు లేకుండా అప్పులిప్పించాడు. కొన్నాళ్ళు ధాన్యం పొంగింది. ఆ తరవాత అప్పులు తిరిగిరాక గ్రామీణ బ్యాంకులు చాలా కూలిపోయాయి. అన్నట్టు 1982 నుంచి 1988 దాకా ఆ సంస్థకి పెద్దగా వున్నది మన ఎం.ఎస్. స్వామినాథన్‌గారే. లోస్ బాన్యోస్‌ని 2000లో ప్రత్యేక విజ్ఞాన నగరమని ప్రకటించారు. పేరుకే నగరం, చట్టం ప్రకారం ఇప్పటికీ మునిసిపాలిటీయే.

ఇంత విత్తనం పుట్టించిన దేశం బియ్యం కొనుక్కుంటోంది. 2024లో 48 లక్షల టన్నులకి దగ్గరగా దిగుమతి చేసుకుని ప్రపంచంలో మొదటి స్థానంలో నిలిచింది. దీనికి విత్తనాన్ని తిట్టి లాభం లేదు. వియత్నాంకి మెకాంగ్ వుంది, థాయిలాండుకి చావో ఫ్రాయా వుంది. ముక్కముక్కలుగా తేలే దీవులకి అంత పెద్ద డెల్టా ఎక్కణ్ణించి వస్తుంది? ఏటా ఇరవై తుపానుల దాకా ఆ సముద్రాల్లోకి వస్తాయి. 1960లో రెండు కోట్ల డెబ్భై లక్షలున్న జనాభా 2020 జనగణన నాటికి పది కోట్ల తొంభై లక్షలయింది. 2012 లెక్కల్లో సగటు కమతం 1.29 హెక్టార్లు, అంటే మూడెకరాల చిల్లర. 2019లో దిగుమతుల మీద పరిమితులు ఎత్తేసి సుంకం పెట్టే చట్టం చేశారు. పట్నంలో బియ్యం తినేవాడికి ఊరట అనుకుంటే, ఆ ఏడే పల్లెలో ధాన్యం ధర పడిపోయింది. మునిసిపల్ మైదానాల్లో, రోడ్ల అంచున ధాన్యం ఆరబోసుకుని దళారి కోసం చూసే రైతుకి, ఓడలో వచ్చే బియ్యం కంటికి కనపడదు, ధరలో కనపడుతుంది.

ఆ ఓడల్లో ఒకటి మన రేవునించే వెళ్ళింది. 2025 మార్చి 31న కాకినాడలో 12,500 టన్నుల బియ్యం ఎత్తుకుని ఫిలిప్పీన్స్‌కి బయలుదేరింది. పంపింది తెలంగాణా ప్రభుత్వం. బియ్యం ఎం.టి.యు. 1010 రకం. ఎం.టి.యు. అంటే ఆచంటకి చేరువలోనే వున్న మారుటేరు పరిశోధనా కేంద్రం గుర్తు. రైతులు ఈ రకాన్ని కాటన్‌దొర సన్నాలంటారు. దీని తల్లి కృష్ణవేణి, మారుటేరు పిల్లే. తండ్రి ఐ.ఆర్. 64, లోస్ బాన్యోస్ వాడు.